‘ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా?’ - ఎవరిని అడగాల్సిన ప్రశ్న ఇది?

ఏ కాన్సర్ ఆస్పత్రి ఓపీలోనైనా ఒక పూట కూర్చుంటే చాలు, ఈ మాట చెవిన పడుతుంది. రొమ్ము ఆపరేషనై ఏడాదో రెండేళ్ళో గడిచిన స్త్రీ, చంకలో గడ్డతోనో నీరు పట్టిన చేత్తోనో వచ్చి బల్లకి ఇవతల నిలబడుతుంది. డాక్టరు చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా? ముందే రావద్దూ?" అంటారు. ఆవిడ తల వంచుకుంటుంది. పక్కనున్న భర్తో కొడుకో "మాకు చెబితేగా సార్" అంటాడు. అక్కడితో విచారణ ముగిసింది. నేరం ఆవిడదేనని గదిలో ఉన్నవాళ్ళందరూ కలిసి తేల్చేశారు.

స్త్రీల ఆరోగ్యం మీద పనిచేస్తూ ఈ తీర్పు నేను చాలాసార్లు విన్నాను. విన్నప్పుడల్లా ఆ స్త్రీ చేతిలోని ప్లాస్టిక్ కవరు అడిగి తీసుకుని అందులో కాగితాలు చూశాను. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఏ ఆపరేషన్ చేశారో, ఎన్ని గ్రంథులు తీశారో, ఏ మందులు వాడాలో ఉంటాయి. చివరి వరుసలో ‘రివ్యూ ఆఫ్టర్ టూ వీక్స్, ఎస్.ఓ.ఎస్.’ అని ఉంటుంది. రెండు వారాల తర్వాత రండి, మధ్యలో అవసరమైతే రండి అని దాని అర్థం. అవసరమంటే ఏమిటి? అది అవసరమో కాదో తేల్చవలసింది ఎవరు? తేల్చుకున్నాక ఎవరి దగ్గరికి రావాలి? ఆ కాగితం చెప్పదు. ఇంగ్లీషు రాని మనిషికి ఆ మూడక్షరాలు ఉన్నట్టు కూడా తెలియదు. ఇంగ్లీషు వచ్చిన మనిషికీ వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

ఆపరేషన్ తర్వాత రొమ్ములో, ఛాతీమీద, చేతిలో వచ్చే మార్పుల్ని ఎప్పుడు చెప్పాలన్నది స్త్రీల జాగ్రత్తకీ నిర్లక్ష్యానికీ సంబంధించిన విషయమన్నట్టు మాట్లాడటం ఇక మానాలి. ఏది చెప్పాలో తెలుసుకునే హక్కు, చెబితే వినిపించుకునే హక్కు అనే రెండు హక్కులకి సంబంధించిన విషయమిది. ఈ రెండూ ఇవ్వకుండా ఆలస్యానికి ఆమెను నిలదీసే అధికారం ఎవరికీ లేదు.

వైద్యం ఆధారపడింది ఆమె మాట మీదే

ఆపరేషన్ తర్వాత ఏటేటా ఒళ్ళంతా స్కాన్లు తీయిస్తే చాలు, జబ్బు తిరగబెడితే యంత్రమే పట్టేస్తుందని చాలామంది నమ్మకం. ఈ నమ్మకాన్ని 1994లోనే ఇటలీలో జరిగిన రెండు అధ్యయనాలు దెబ్బతీశాయి. రొమ్ము కాన్సర్‌కి ఆపరేషన్ అయిన రెండున్నర వేలమందికి పైగా స్త్రీలు వాటిలో పాల్గొన్నారు. కొందరికి క్రమం తప్పకుండా ఎముకల స్కాన్లు, ఛాతీ ఎక్స్‌రేలు తీశారు. మిగతావారికి డాక్టరు పరీక్ష, మామోగ్రామ్ మాత్రమే చేసి, ఏదైనా బాధ చెప్పినప్పుడే మిగతా పరీక్షలు చేశారు. పరీక్షలు ఎక్కువ చేయించుకున్నవాళ్ళు ఎక్కువ కాలమేమీ బతకలేదు. ఆ తర్వాత వచ్చిన వైద్య మార్గదర్శకాలన్నీ ఇంచుమించు ఒకటే చెబుతున్నాయి. మొదటి మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాతి రెండేళ్ళు ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి డాక్టరు చూడాలి. మిగిలిన రొమ్ముకి ఏటా మామోగ్రామ్ తీయాలి. బాధలేవీ లేకుండా ఒట్టి అనుమానంతో స్కాన్లు అక్కర్లేదు.

దీని అర్థమేమిటి? ఒక చూపుకీ మరో చూపుకీ మధ్య ఉన్న నెలలన్నీ కాపలా కాయవలసింది ఆ స్త్రీయే. రొమ్ము పూర్తిగా తీసేసిన పక్క మామోగ్రామ్ కూడా ఉండదు. అక్కడ ఆధారం ఆమె చెయ్యీ కన్నూ, తర్వాత డాక్టరు చెయ్యీ కన్నూ. ఇంత పెద్ద వైద్య వ్యవస్థ ఆమె చెప్పే మాట మీద నిలబడి ఉంది. కానీ ఏ మాట చెప్పాలో ఆమెకి నేర్పలేదు. చెప్పిన మాట రాసుకోవడానికి కేసు షీటులో చోటు పెట్టలేదు.

ఏది, ఎప్పుడు చెప్పాలి

ఆస్పత్రులు ఇవ్వని ఆ పట్టిక మనమే రాసుకుందాం. కార్యకర్తలు దీన్ని విప్పి చెప్పగలిగితే చాలు, కంఠస్థం చెయ్యనక్కర్లేదు.

అదే రోజు, రాత్రయినా సరే చెప్పవలసినవి: కుట్ల దగ్గర ఎర్రదనం, వేడి, వాపు గంటగంటకీ ఎక్కువవడం. చీము, దుర్వాసన. కుట్లు విడిపోవడం. కట్టు తడిసిపోయేలా రక్తం రావడం, ఆపరేషన్ చేసిన చోట ఉన్నట్టుండి ఉబ్బి గట్టిపడటం. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, చలి. కీమోథెరపీ నడుస్తున్నప్పుడు ఈ జ్వరాన్ని మామూలు జ్వరంగా చూసి బిళ్ళ వేసుకుని పడుకోకూడదు. అది ప్రాణం మీదికి తెచ్చే జ్వరం. ఆపరేషనై ఎన్నేళ్ళయినా సరే, ఆ పక్క చెయ్యి ఎర్రబడి వేడెక్కి జ్వరమొస్తే అదే రోజు చూపించుకోవాలి. అప్పటికప్పుడు ఆయాసం వచ్చినా అంతే.

రెండు మూడు రోజుల్లో చెప్పవలసినవి: గొట్టం తీసేశాక ఆపరేషన్ చేసిన చోటా చంకలోనూ నీరు చేరి సంచిలా ఊగడం. ఇది చాలామందికి వస్తుంది, ప్రమాదకరమేమీ కాదు. బిగుసుకుపోతే సూదితో తీస్తారు. ఇంట్లో పిసకడం, కాపడం పెట్టడం చెయ్యకూడదు. చంక నుంచి మోచేతి దాకా లోపల తీగ లాగినట్టయి చెయ్యి పైకి లేవకపోవడం కూడా చెప్పాలి. వ్యాయామంతో తగ్గేదాన్ని ‘ఆపరేషనైంది కదా’ అని వదిలేస్తే భుజం బిగుసుకుపోతుంది.

రెండు వారాలు చూసి, తగ్గకపోతే తప్పక చెప్పవలసినవి: మచ్చ మీదా మచ్చ చుట్టూ చర్మం మీదా కొత్తగా కాయలు, చిన్న చిన్న గుళ్ళలు. చంకలో, మెడ కింద గుంటలో, రెండో రొమ్ములో గడ్డ. రొమ్ము ఉంచి ఆపరేషన్ చేసినవారికి చర్మం నారింజ తొక్కలా గుంటలు పడటం, చనుమొన లోపలికి పోవడం, దాని మీద మానని పుండు. చనుమొన నుంచి రక్తం వస్తే రెండు వారాలు ఆగనక్కర్లేదు. కరెంటు పెట్టించుకున్న చోట, అంటే రేడియేషన్ ఇచ్చిన చోట, దెబ్బ తగలకుండానే కమిలినట్టు నీలంగానో ఊదాగానో మచ్చలు కనిపిస్తే అవి ఏళ్ళ తర్వాత వచ్చినా చూపించుకోవాలి. వదలని దగ్గు, నడుములోనో పక్కటెముకల్లోనో రాత్రిపూట కూడా ఉండే నొప్పి, కారణం లేకుండా చిక్కిపోవడం, మానని తలనొప్పి రొమ్ముకి దూరంగా కనిపించినా ఇదే పట్టికలోవి. టామాక్సిఫెన్ వాడుతున్నవారు ముట్లుడిగాక రక్తం కనిపిస్తే చెప్పాలి.

మరి కంగారు పడనక్కర్లేనివి? మచ్చ చుట్టూ మొద్దుబారడం, తిమ్మిరి, జివ్వుమని లాగడం, మెరుపు కొట్టినట్టు పొడవడం, తీసేసిన రొమ్ము ఇంకా ఉన్నట్టే అనిపించి దురద పుట్టడం. నరాలు తెగినందువల్ల ఇవి నెలల తరబడి ఉంటాయి. కొందరికి ఏళ్ళు కూడా ఉంటాయి. తీసేసిన రొమ్ములో దురదేమిటి, పిచ్చిగాని ఎక్కిందా అని కుమిలిపోయిన స్త్రీలని చూశాను. ఇది మామూలేనని ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ కుమిలిపోవడం ఉండేది కాదు. అయినా నిద్ర పట్టనివ్వని నొప్పికి మందుంది, భరించి తీరాలనేమీ లేదు.

వీటన్నిటినీ గుర్తుపెట్టుకోలేనివారికి ఒక్క సూత్రం చాలు. తగ్గుముఖం పట్టిందా, పెరుగుముఖం పట్టిందా? వారం వారం తగ్గుతూ పోయేది సాధారణంగా మానుతున్న గాయం. పెరుగుతూ పోయేది, తగ్గిపోయి మళ్ళీ వచ్చేది, కొత్తగా పుట్టేది మాత్రం చెప్పవలసినవి. ఆపరేషన్ చేసిన చోట కొవ్వు గట్టిపడి అచ్చం కాన్సర్ గడ్డలాగే తగలవచ్చు. చాలాసార్లు భయపడాల్సిందేమీ ఉండదు. కానీ ఏది కొవ్వో ఏది జబ్బో వేళ్ళతో తేల్చడం ఆమె పని కాదు. అనుమానం కలగడం వరకే ఆమె పని, తేల్చడం ఆస్పత్రి పని.

ఇంకొక మాట. ‘అయిదేళ్ళు దాటాయి, గండం గడిచింది’ అని డాక్టర్లూ చుట్టాలూ కూడా అంటుంటారు. హార్మోన్లకి స్పందించే రకం కాన్సర్లు, అయిదేళ్ళ మాత్రలు పూర్తయ్యాక కూడా ఇరవయ్యో ఏడు దాకా తిరగబెడుతూనే ఉంటాయని 2017లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం తేల్చింది. భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. అయిదేళ్ళ తర్వాత వచ్చిన మార్పుని కూడా ఎవరికో ఒకరికి చెప్పుకునే తలుపు తెరిచి ఉండాలని చెబుతున్నాను.

ఆమె చెప్పలేదా, మనం వినలేదా?

నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఒకామె సంగతి చెబుతాను. ఆపరేషన్‌లో కుడి చంకలో గ్రంథులు తీసేశారు. ఎనిమిది నెలలకి కుడిచేతికి గాజులు ఎక్కడం మానేశాయి. తర్వాత జాకెట్టు చెయ్యి బిగుతైంది. చెయ్యి బరువుగా ఉందని తర్వాతి చూపులో చెప్పింది. "ఆపరేషనైంది కదమ్మా, అట్లానే ఉంటది" అన్నారు. ఆ మాట కాగితంలో ఎక్కడా లేదు. ఆమె మళ్ళీ అడగలేదు. గాజులు తీసేసి, కుట్లు విప్పి జాకెట్టు వదులు చేసుకుంది. రెండేళ్ళకి చెయ్యి కర్రలా గట్టిపడి వేళ్ళు ముడవడం కష్టమయ్యాక ఇంకో ఆస్పత్రికి వెళ్తే అక్కడ వినపడింది ఆ ప్రశ్న, "ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా?"

ఈ జబ్బు పేరు లింఫెడిమా. 2013లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు, రొమ్ము కాన్సర్ చికిత్స పొందిన ప్రతి అయిదుగురిలో ఒకరికి ఇది వస్తుందని తేలింది. చంకలో గ్రంథులన్నీ తీసేసినవారికి, ఒకటి రెండు మాత్రమే తీసి పరీక్షించినవారికన్నా దాదాపు నాలుగింతలు ఎక్కువ. మొదట్లోనే పట్టుకుంటే బిగుతు తొడుగు, వ్యాయామం, చర్మ సంరక్షణలతో అదుపులో ఉంటుంది. వదిలేస్తే లోపల నార పేరుకుని గట్టిపడిపోతుంది. ఆమె గాజులే ఆమెకున్న కొలతబద్ద. ఏ యంత్రం కన్నా ముందు అవే చెప్పాయి, ఆమె కూడా చెప్పింది. వెయ్యి బీడీలకింత అని కూలి లెక్కగట్టే పనిలో చెయ్యి అంటే కూడు. ఆ చెయ్యి సగం పడిపోయినందుకు ఏ కాగితం మీదా ఎవరి తప్పూ నమోదు కాలేదు.

‘ఆలస్యంగా వచ్చిన’ స్త్రీల కథల్ని కాస్త వెనక్కి తవ్వితే ఇలాంటి మొదటి మాట ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. నర్సుకో, ఆరెంపీకో, ఆశా కార్యకర్తకో, భర్తకో ఆమె చెప్పే ఉంటుంది. ఎవరికీ చెప్పని వాళ్ళూ ఉన్నారు. రొమ్ము అనే మాట నోటితో పలకలేక ‘గుండెల దగ్గర’ అనీ ‘అక్కడ’ అనీ చెప్పేవాళ్ళున్నారు. పదిమంది ఎదుట జాకెట్టు విప్పమంటే సిగ్గుతో వెనుదిరిగినవాళ్ళున్నారు. ఇప్పటికే ఇల్లు అప్పుల పాలైందని, మళ్ళీ బస్సెక్కి పోదామని అడగడానికి నోరు రాక ఊరుకున్నవాళ్ళున్నారు. మొదటి ఆపరేషన్‌కే తోడొచ్చినవాళ్ళు విసుక్కుంటే రెండోసారి నోరెత్తే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది? పెళ్ళి కావలసిన పిల్లలుంటే ఈ జబ్బు పేరే ఇంట్లో వినపడకూడదు. ఇవన్నీ ఆమె అజ్ఞానం ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం తేలిక.

కాన్సర్ కానివారి సంగతి మరీ అన్యాయం. ‘మామూలు గడ్డే’ అని తీసేసి పంపేస్తారు. తీసిన గడ్డని పరీక్షకి పంపారా, రిపోర్టు ఏమంది, మళ్ళీ వస్తే ఏం చెయ్యాలి అన్న ప్రశ్నలకి జవాబుండదు. తీసిన ప్రతి గడ్డా పరీక్షకి పోవాలి. రిపోర్టు ఆమె చేతికి రావాలి.

‘అన్నీ చెబితే భయపడతారు’

ఈ వాదన డాక్టర్ల నుంచి తప్పక వస్తుంది. అన్నీ చెబితే ప్రతి చిన్న నొప్పికీ పరిగెత్తుకొస్తారు, ఓపీ నిండిపోతుంది అంటారు. ఏది మామూలో తెలిసిన స్త్రీ మామూలు వాటికి ఎందుకు పరిగెత్తుకొస్తుంది? తెలియని స్త్రీయే ప్రతి నొప్పికీ రాత్రంతా మేలుకుంటుంది. లేకపోతే అన్నిటికీ అలవాటుపడి అసలైన దాన్ని కూడా వదిలేస్తుంది. డాక్టర్లు తక్కువ, రోగులు ఎక్కువ అన్నది నిజమే. అందుకే ఈ పనికి శిక్షణ పొందిన నర్సు, ఒక ఫోను నంబరు, తెలుగులో ఒక పేజీ కాగితం అడుగుతున్నాం. పెద్దాపరేషన్‌కి ఏర్పాట్లు చెయ్యగలిగిన ఆస్పత్రికి ఇవి మోయలేని బరువా?

రెండో అభ్యంతరం మన వైపు నుంచే వస్తుంది. స్త్రీలని రోజూ తమ ఒంటిని తామే తడుముకుని అనుమానించుకునే పోలీసుల్ని చెయ్యడం కాదా ఇది? ఇందులో న్యాయం ఉంది. చైనాలోని షాంఘైలో రెండు లక్షల అరవై వేలమందికి పైగా బట్టల మిల్లు కార్మిక స్త్రీలతో చేసిన అధ్యయనం, రొమ్ము స్వీయపరీక్ష నేర్పడం వల్ల మరణాలు తగ్గలేదని 2002లో చెప్పింది. అది జబ్బు లేని స్త్రీల సంగతి. ఆపరేషనైనవారిని కూడా రోజూ వెతుక్కోమనడం లేదు. మారిన తన ఒళ్ళు ఇప్పుడెలా ఉందో పరిచయం చేసుకోవడం, అది మళ్ళీ మారితే స్నానం చేసేటప్పుడో జాకెట్టు తొడుక్కునేటప్పుడో గమనించడం, గమనించింది చెప్పుకోవడం చాలు. బాధ్యతంతా ఆమె మీదే మోపితేనే అది పోలీసు పని అవుతుంది. వినే తలుపు తెరిచి ఉంటే అది ఆమె చేతిలో అధికారమవుతుంది.

హక్కుల లెక్క

ఆపరేషన్‌కి ముందు ‘నన్ను అడగండి’ అనే హక్కు కోసం స్త్రీలు పోరాడారు. ఒకప్పుడు అమెరికాలో గడ్డ పరీక్షకని మత్తిచ్చి, మెలకువ వచ్చేసరికి రొమ్ము తీసేసేవారు. 1974లో తన రొమ్ములో గడ్డ కనుక్కున్న పాత్రికేయురాలు రోజ్ కుష్నర్ అలా కాదని ఎదురుతిరిగి, ఆ పద్ధతి మారేదాకా రాసింది, పోరాడింది. మన దేశంలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో, పరీక్షకిచ్చిన సమ్మతి ఆపరేషన్‌కిచ్చిన సమ్మతి కాదని, తగినంత సమాచారమిచ్చి తీసుకున్నదే సమ్మతి అని చెప్పింది. కానీ ఆ సమాచారం ఆపరేషన్ థియేటరు గుమ్మం దగ్గర ఆగిపోతోంది. కత్తి ఎత్తేముందు చెప్పవలసిన బాధ్యత ఉన్నవారికి, కుట్లు వేశాక చెప్పవలసిన బాధ్యత లేకుండా పోతుందా?

అడిగిన 72 గంటల్లోగా రోగికి వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం, అర్థమయ్యే భాషలో సమాచారం పొందడం హక్కని చెబుతోంది. 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవల్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. కానీ అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రుల్ని బయటే ఉంచింది. అంటే అన్నిటికన్నా పేద స్త్రీకే ఆ తలుపు మూసి ఉంది. ఆమెకి కోర్టు కన్నా ముందు సంఘం కావాలి.

మన సంగతేమిటి?

సంఘమంటే మనమే కదా, మనం చేస్తున్నదేమిటి? ఏటా అక్టోబరులో గులాబి రిబ్బన్లు కట్టి ర్యాలీలు తీస్తాం. ‘ముందుగా గుర్తించండి’ అని శిబిరాలు పెట్టి, ఎంతమందిని పరీక్షించామో నివేదికల్లో రాసి నిధులిచ్చేవారికి పంపుతాం. ఆ శిబిరాల్లో గడ్డ బయటపడి ఆపరేషన్‌కి వెళ్ళిన స్త్రీ ఏడాది తర్వాత ఎలా ఉందో ఎన్ని సంస్థల రిజిస్టర్లలో ఉంది? జాతీయ కాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదిక ప్రకారం, వయసు తేడాల్ని సరిచేసి చూస్తే హైదరాబాద్ జిల్లాలో లక్షమంది స్త్రీలకి ఏటా 48 కొత్త రొమ్ము కాన్సర్లు. ఆ నివేదికలోని ప్రాంతాలన్నిటిలోకీ ఇదే ఎక్కువ. ఆపరేషనై ఇళ్ళకి చేరిన స్త్రీలు మన బస్తీల్లో, మన పొదుపు సంఘాల్లోనే ఉన్నారు. పైట సవరించుకుంటూ వెనక వరుసలో కూర్చుంటున్నారు. మనం అడగలేదు కాబట్టి వాళ్ళు చెప్పలేదు.

అందుకే ఈ డిమాండ్లు మొదట ఆస్పత్రులకి, వెంటనే మనకి కూడా. రొమ్ము ఆపరేషనైన ప్రతి స్త్రీకి, గడ్డ తీసినా రొమ్ము తీసినా, ఏది ఎప్పుడు చెప్పాలో తెలుగులో, ఉర్దూలో బొమ్మలతో రాసిన కాగితం ఇవ్వాలి. చదువు రానివారికి చదివి వినిపించాలి. ‘ఎస్.ఓ.ఎస్.’ అన్న చోట ఒక ఫోను నంబరు, ఆ ఫోనుకి జవాబిచ్చే మనిషి ఉండాలి. కొత్త మార్పు చెప్పిన స్త్రీని తర్వాతి చూపు తేదీ దాకా ఆపకుండా వారంలోగా చూడాలి. గదిలో తెర, ఒక మహిళా సిబ్బంది ఉండాలి. ఆపరేషన్‌కి ముందే రెండు చేతుల చుట్టుకొలత రాసిపెట్టి, ప్రతి చూపులో మళ్ళీ కొలవాలి. దీనికి కావలసింది దర్జీ టేపు మాత్రమే. ఆమె చెప్పిన ప్రతి బాధనీ ఆమె మాటల్లోనే తేదీ వేసి కేసు షీటులో రాయాలి.

అలా రాసి ఉన్న రోజున ఎవరైనా "ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా?" అని అడిగితే ఆమె తల వంచుకోనక్కర్లేదు. కాగితం తీసి చూపిస్తుంది. ఫలానా తేదీన నేను చెప్పాను, ఇన్నాళ్ళూ మీరేం చేశారు అని అడుగుతుంది. అంతవరకూ ఆ ప్రశ్న ఆమె తరఫున మనం అడగాలి.